జబ్బుపడ్డ గోల్డ్‌ఫిష్‌ను కోలుకునేలా చేయడం ఎలా: విశాఖ నీళ్లకు, ఎండలకు సరిపడే పద్ధతి

"చేప అడుగున ఒక మూల పడుకుని ఉందండీ, తిండి ముట్టడం లేదు, ఏ మందు వేయమంటారు?" గాజువాక నుంచి మధురవాడ దాకా నన్ను అడిగేవాళ్లంతా ఇలాగే మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: నీళ్లు ఎప్పుడు మార్చారు, ఏ నీళ్లు పోశారు? అప్పటికే వాళ్లింట్లో రెండు మూడు రకాల మందులు వేసేసి ఉంటారు. నీళ్లను మాత్రం ఒక్కసారి కూడా పరీక్షించి ఉండరు.

ఇంట్లో పెంచే గోల్డ్‌ఫిష్ జబ్బుల్లో ఎక్కువ భాగం నీళ్ల దగ్గరే మొదలవుతాయి. అందుకే నేను పాటించే వరస ఇది: ముందు నీళ్లు, తర్వాత గాలి, ఆ తర్వాత విశ్రాంతి, ఉప్పు, అన్నిటికన్నా చివర మందు. నీళ్లు బాగోలేనప్పుడు మందు వేస్తే నీరసంగా ఉన్న చేప మీద ఇంకో భారం పెట్టినట్టే.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

చేప జబ్బు పడ్డాక రాత్రి తొమ్మిదింటికి డాబాగార్డెన్స్‌లో షాపు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఇవి ముందే ఇంట్లో ఉంచుకోండి.

☐ 30 లేదా 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్, కొత్తది. సబ్బు గానీ సర్ఫ్ గానీ తగిలిన బకెట్ వద్దు.
☐ ఎయిర్ పంప్, దాని గాలిని సన్నటి బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్. వీలైతే బ్యాటరీతో నడిచే పంప్ ఇంకొకటి.
☐ అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్. మొదటి రెండూ చేప మలం, కుళ్లిన తిండి వల్ల నీళ్లలో చేరే విషాలు, పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణానికి కొలత. చుక్కలు వేసి రంగు పోల్చేది తీసుకోండి, కాగితం పట్టీల కంటే నమ్మకంగా ఉంటుంది.
☐ థర్మామీటర్
☐ క్లోరిన్ పోగొట్టే ద్రావణం. షాపులో యాంటీ క్లోరిన్ అంటే ఇస్తారు.
☐ గళ్ల ఉప్పు. పొడి రాలడానికి ఏవేవో కలిపిన మెత్తటి ప్యాకెట్ ఉప్పు వద్దు.
☐ గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు
☐ టబ్ మీద కప్పడానికి వల. జబ్బు చేప కూడా ఎగిరి బయట పడుతుంది.

నీళ్లను కొలవడానికి తాగే నీళ్ల 20 లీటర్ల క్యాన్ బాగా పనికొస్తుంది. టబ్‌లో ఒక క్యాను పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బయట మార్కర్‌తో గీత పెట్టండి. ఉప్పుకైనా మందుకైనా ఆ గీతే ఆధారం. పెద్ద ట్యాంక్ అయితే పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి.

2. చేయి పెట్టే ముందు పది నిమిషాలు చూడండి

గాబరాలో వెంటనే చేప కోసం ట్యాంకులో చేయి పెట్టేస్తాం. ఆగండి. లైటు తీసేసి, కాస్త దూరంగా కూర్చుని చూడండి.

మొదట చూడాల్సింది: ఒక్క చేపకే బాగోలేదా, అన్నిటికీ బాగోలేదా? అన్నీ ఒకేసారి నీరసించాయంటే దాదాపుగా తప్పు నీళ్లదే. ఒక్కటే నీరసంగా ఉండి మిగతావి హుషారుగా తిరుగుతుంటే ఆ చేపకే ఏదో వచ్చిందని అనుమానించవచ్చు. అప్పుడు కూడా నీళ్ల పరీక్ష మానకండి.

తర్వాత మొప్పలు చూడండి. పక్కన ఉన్న ఆరోగ్యమైన చేప మొప్పలు ఎంత తీరుబడిగా కదులుతున్నాయో, దీనివి ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో పోల్చండి. ఒక్క మొప్పే కదులుతూ రెండోది మూసుకుని ఉంటే రాసి పెట్టుకోండి. పై నుంచి కూడా చూడాలి. పక్క నుంచి మామూలుగా కనిపించే చేప పొట్ట పై నుంచి చూస్తే ఒక వైపు ఉబ్బి ఉండవచ్చు, పొలుసులు లేచి ఉండవచ్చు.

పక్క నుంచి ఒక నిమిషం, పై నుంచి ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీయండి. రేపటికి మెరుగైందా లేదా అన్నది మన జ్ఞాపకం కంటే వీడియో బాగా చెబుతుంది. డాక్టరుకు చూపించాల్సి వచ్చినా ఇదే ఉపయోగపడుతుంది.

ఈ రోజుకు తిండి ఆపేయండి. ఒకటి రెండు రోజులు తినకపోతే గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు. జబ్బు చేప వదిలేసిన తిండి కుళ్లి అమ్మోనియా పెంచితేనే ప్రమాదం.

3. నీళ్ల పరీక్ష

అమ్మోనియా సున్నా ఉండాలి, నైట్రైట్ సున్నా ఉండాలి. అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాములు చూపిస్తే జాగ్రత్త పడాలి, 1 దాటితే ఆ గంటలోనే పని మొదలుపెట్టాలి. పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, హఠాత్తుగా మారకపోతే చాలు.

అమ్మోనియాను ఎప్పుడూ పీహెచ్‌తో, వేడితో కలిపి చూడాలి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మే నెలలో మన ఇళ్లలో ట్యాంక్ నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. చల్లటి ఊళ్లో చేప తట్టుకునే మోతాదు ఇక్కడ దాన్ని పడగొట్టడానికి కారణం ఇదే.

నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని పరీక్ష వదిలేయకండి. అమ్మోనియాకు రంగు ఉండదు, ఆ మోతాదులో మనకు వాసన కూడా తెలియదు.

4. నీళ్లు మార్చడం

మామూలుగా వారం పది రోజులకోసారి నీళ్లు మార్చే ట్యాంక్ అయితే ఇప్పుడు సగం నీళ్లు తీసి కొత్తవి పోయండి. అమ్మోనియా ఇంకా కనిపిస్తే మర్నాడు మళ్లీ సగం.

నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంక్ అయితే అలా చేయకండి. అలాంటి ట్యాంకులో పీహెచ్ బాగా పడిపోయి, అమ్మోనియా ఎక్కువగానే ఉన్నా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. ఒక్కసారిగా సగం కొత్త నీళ్లు పోస్తే పీహెచ్ ఎగబాకి, ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. ఇలాంటప్పుడు రోజుకు ఐదో వంతు చొప్పున ఐదారు రోజులు మార్చండి. "నీళ్లు మార్చగానే చచ్చిపోయిందండీ" అని బాధపడే చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే.

ఇక ఏ నీళ్లు పోయాలి? మన ఊళ్లో మూడు రకాలు దొరుకుతాయి.

కుళాయి నీళ్లు: వీటిలో క్లోరిన్ ఉంటుంది. సీసా మీద రాసిన కొలత ప్రకారం యాంటీ క్లోరిన్ కలపండి, లేదా వెడల్పాటి టబ్‌లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచండి. వానాకాలంలో ఒక్కోరోజు బ్లీచింగ్ వాసన గట్టిగా వస్తుంది. అలాంటి రోజు రెండూ చేయండి.

బోరు నీళ్లు: క్లోరిన్ ఉండదు కాబట్టి నేరుగా పోయొచ్చని అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒకసారి బోరు నుంచి అప్పుడే పట్టిన నీళ్లు సగం ట్యాంక్ పోశాను. పావుగంటలో మా గోల్డ్‌ఫిష్ బంగారి పక్కకు ఒరిగిపోయింది, నోరు పైకి పెట్టి గాలి మింగుతోంది. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉండొచ్చు. అప్పటి నుంచి బోరు నీళ్లు రాత్రంతా ఎయిర్ స్టోన్ పెట్టకుండా వాడలేదు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో బోరు ఉప్పగా ఉంటే ఆ నీళ్లు వద్దు. లేదంటే తర్వాత చెప్పబోయే ఉప్పు లెక్క తప్పిపోతుంది.

ఆర్వో లేదా క్యాన్ నీళ్లు: చేపకు "మంచినీళ్లు" పోస్తున్నామన్న ప్రేమతో చాలామంది ఇవే పోస్తారు. వీటిలో ఖనిజాలు దాదాపు తీసేసి ఉంటారు. వీటినే పోస్తూ పోతే పీహెచ్ నిలబడదు, చేప నీరసిస్తుంది. క్యాను కొలతకు మాత్రమే వాడండి.

కొత్త నీళ్ల వేడి పాత నీళ్ల వేడికి ఒకటి రెండు డిగ్రీల లోపే ఉండాలి. మేడ మీద ట్యాంక్ నుంచి మధ్యాహ్నం పట్టిన నీళ్లు కాలుతూ వస్తాయి. తెల్లవారుజామున పట్టి పెట్టుకోండి.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ముంచి రెండుసార్లు పిండండి, చాలు.

5. గాలి, వేడి

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దగ్గర ఆగిపోతాయి. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ తేడా చాలా ఎక్కువ. కాబట్టి జబ్బు చేప దగ్గర ఎయిర్ పంప్ రాత్రీ పగలూ నడవాలి. చప్పుడని రాత్రి ఆపేయకండి.

నీటి మీదుగా ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే వేడి కాస్త తగ్గుతుంది. మన ఊరి ఉక్కపోతలో నీళ్లు ఆవిరవడం తక్కువ కాబట్టి ఎక్కువ ఆశించొద్దు. ఇంకా తగ్గాలంటే నీళ్లు నింపి గడ్డకట్టించిన అరలీటరు సీసాను మూత బిగించి తేలేయండి. గంటకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ తగ్గకుండా థర్మామీటర్ చూస్తూ ఉండండి. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోనే పోస్తూ, ఇంట్లో వంతులు వేసుకుని గడిపాం. చేపలు దక్కాయి. బ్యాటరీ పంప్ లేని ఇంట్లో కరెంటు పోతే ఇదే మార్గం: పది పదిహేను నిమిషాలకోసారి ఇరవై మగ్గులు.

6. ఆసుపత్రి టబ్

అన్ని చేపలకూ బాగోలేకపోతే టబ్ అవసరం లేదు, ట్యాంకునే బాగు చేయండి. ఒక్క చేపకే అయితే వేరు చేయండి.

☐ టబ్‌లో 20 లీటర్ల గీత దాకా నీళ్లు. సగం ట్యాంకువి, సగం కొత్తవి. ట్యాంకులో అమ్మోనియా ఉంటే మొత్తం కొత్తవే పోసి, చేపను మెల్లగా అలవాటు చేయండి.
☐ ఎయిర్ స్టోన్. ట్యాంకులో ఇప్పటికే నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ అదనంగా ఉంటే దాన్నే తెచ్చి పెట్టండి.
☐ అడుగున రాళ్లు, ఇసుక, మొక్కలు ఏమీ వద్దు. మలం ఎలా ఉందో కనబడాలి.
☐ ఎండ తగలని, జనం తిరగని మూల. పైన వల.

చేపను వలతో పట్టొద్దు. పొలుసులు ఊడతాయి, పైన ఉండే జిగురు పొర పోతుంది. గిన్నెను నీళ్లలో ముంచి, చేపను నెమ్మదిగా అందులోకి మళ్లించి, నీళ్లతో సహా ఎత్తండి. ఆ గిన్నెలోకి అరగంట పాటు టబ్ నీళ్లు కొద్దికొద్దిగా పోసి, తర్వాత వదలండి.

అలవాటుపడిన ఫిల్టర్ లేకపోతే రోజూ సగం నీళ్లు మార్చాల్సిందే. చాలామంది చేప టబ్‌లోనే చనిపోయేది ఇక్కడే: వేరు చేశాం, మందు వేశాం అని నీళ్ల సంగతి మరిచిపోతారు. 20 లీటర్లలో ఒక్క గోల్డ్‌ఫిష్ చాలు, రెండు రోజుల్లో అమ్మోనియా ఎక్కించేస్తుంది.

7. ఉప్పు: ఎంత, ఎలా

జబ్బు ఏదో తేలనప్పుడు నేను వాడేది ఇది ఒక్కటే. చేప ఒంట్లోని లవణాలు నీళ్లలోకి పోకుండా ఆపడానికి అది పడే శ్రమను ఉప్పు తగ్గిస్తుంది. కొన్ని పరాన్నజీవులను చంపుతుంది. నైట్రైట్ మొప్పల గుండా లోపలికి పోకుండా అడ్డుపడుతుంది.

20 లీటర్ల టబ్‌కు లెక్క:

☐ మొదటి రోజు ఉదయం 20 గ్రాములు
☐ 12 గంటల తర్వాత ఇంకో 20 గ్రాములు
☐ మరో 12 గంటల తర్వాత చివరి 20 గ్రాములు

మొత్తం లీటరుకు 3 గ్రాములు. ప్రతిసారీ ఉప్పును టబ్ నీళ్లలోనే ఒక గిన్నెలో పూర్తిగా కరిగించి, ఎయిర్ స్టోన్ దగ్గర మెల్లగా పోయండి. గళ్లు నేరుగా పడితే అడుగున పడుకున్న చేప ఒళ్లు కాలుతుంది. మధ్యలో చేప ఒరిగిపోతే గానీ, పిచ్చెత్తినట్టు తిరిగితే గానీ సగం నీళ్లు తీసి ఉప్పు లేని నీళ్లు పోసి, అక్కడితో ఆపండి.

ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు ఇగిరిపోతే ఉప్పు లేని నీళ్లే కలపండి. పది లీటర్లు తీసి పది లీటర్లు కొత్తవి పోస్తే మాత్రం ఆ పది లీటర్లకే 30 గ్రాములు వేయాలి. ఈ లెక్క తప్పి, మార్చినప్పుడల్లా 60 గ్రాములు వేసుకుంటూ పోయినవాళ్లున్నారు.

వారం నుంచి పది రోజులు ఉంచితే చాలు. మొక్కలున్న ట్యాంకులో ఉప్పు వేయొద్దు, మొక్కలు చచ్చిపోతాయి.

8. లక్షణాన్ని బట్టి

ఒకేసారి ఒకే మందు. రెండు మందులు కలపొద్దు.

తెల్ల చుక్కలు: రవ్వ చల్లినట్టు ఒంటి మీద, రెక్కల మీద కనిపిస్తాయి. చేప గోడలకు రుద్దుకుంటుంది. ఇది పరాన్నజీవి. చుక్కగా ఒంట్లో దాగి ఉన్నప్పుడు ఉప్పు గానీ మందు గానీ దాన్ని తాకలేవు, నీళ్లలో ఈదుతున్న దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు మాయమైన రోజే వైద్యం ఆపితే మళ్లీ వస్తుంది. లీటరుకు 3 గ్రాముల ఉప్పు పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచండి. ఒక చేపకు వచ్చిందంటే ట్యాంక్ మొత్తానికీ వచ్చినట్టే, కాబట్టి అన్ని చేపలకూ వైద్యం చేయాలి. ఒక జాగ్రత్త: మగ చేపలకు జత కట్టే కాలంలో మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచు మీద తెల్లటి గింజలు వరసగా వస్తాయి. చేప హుషారుగా ఉండి అక్కడ మాత్రమే కనిపిస్తే అది జబ్బు కాదు.

రెక్కలు చిరిగిపోవడం, అంచులు తెల్లబడటం: నీళ్లు శుభ్రంగా ఉంచి ఉప్పు వాడితే మొదటి దశలో తగ్గుతుంది. అంచున కొత్తగా పారదర్శకమైన పొర పెరుగుతోందా చూడండి, అది కోలుకుంటున్న గుర్తు. చిరుగు ఒంటి దాకా వస్తుంటే డాక్టరు అవసరం.

దూదిలాంటి బూజు: మిథిలీన్ బ్లూ, సీసా మీది కొలత ప్రకారం, టబ్‌లో మాత్రమే. కంపెనీని బట్టి గాఢత మారుతుంది కాబట్టి ఇంకొకరు చెప్పిన చుక్కల లెక్క మీకు పనికిరాదు. ఇది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను చంపుతుంది, కాబట్టి స్పాంజ్ తీసేయండి. వేళ్లకు, గచ్చుకు అంటిన నీలం త్వరగా పోదు.

నల్ల మచ్చలు: అమ్మోనియా తగ్గాక చాలా చేపలకు ఇవి వస్తాయి. కాలిన చోట మానుతున్న గుర్తు. మందు వేయొద్దు.

తల కిందులుగా తేలడం: ఒరాండా లాంటి గుండ్రటి రకాలకు ఎక్కువ. రెండు మూడు రోజులు తిండి ఆపండి. తర్వాత పచ్చి బఠాణీ ఒకటి మెత్తగా ఉడికించి, తొక్క తీసి, వేళ్లతో చిదిమి చిన్న ముక్కలుగా వేయండి. టబ్ నీళ్ల ఎత్తు ఒక జానెడుకు తగ్గిస్తే చేపకు పైకీ కిందకీ శ్రమ తగ్గుతుంది. తేలే గింజల తిండి మానేసి మునిగేది వాడండి, వేసే ముందు నానబెట్టండి.

పొలుసులు లేచి పొట్ట ఉబ్బడం: ఇది కష్టమైన జబ్బని ముందే చెబుతున్నాను. మూత్రపిండాలు పనిచేయక ఒంట్లో నీరు చేరుతుంది. ఇక్కడ గళ్ల ఉప్పు వద్దు. మెడికల్ షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ 20 లీటర్లకు పావు టీస్పూన్ కరిగించి వేయండి, అదే రోజు డాక్టరును సంప్రదించండి. ఎంత చేసినా కొన్ని దక్కవు.

ఒంటికి వేలాడే దారం లాంటి పురుగు: లంగరు పురుగు. తడి గుడ్డలో చేపను పట్టుకుని, పట్టుకారుతో పురుగును మొదట్లోనే పట్టి లాగాలి. మధ్యలో తెగితే తల లోపలే ఉండిపోతుంది. దాని పిల్లలు నీళ్లలో ఉంటాయి, వాటికి ఉప్పు చాలదు, డాక్టరు చెప్పిన మందే వాడాలి.

మనుషుల యాంటీబయాటిక్ గొట్టం మాత్ర విప్పి నీళ్లలో కలిపే అలవాటు మానేయండి. పొటాషియం పర్మాంగనేట్ కూడా ఇంట్లో వద్దు. లీటరుకు 2 మిల్లీగ్రాములంటే 20 లీటర్లకు 0.04 గ్రాములు. ఆ బరువును వంటింటి త్రాసు తూచలేదు, కాస్త ఎక్కువైతే మొప్పలు కాలిపోతాయి.

చేపలను చూసే పశువైద్యులు తక్కువ. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వీడియోలు, నీళ్ల పరీక్ష అంకెలు, ఇప్పటిదాకా వేసినవాటి జాబితా తీసుకెళ్లండి.

9. రోజూ చేయాల్సినవి, తిండి

☐ ఉదయం: వేడి, అమ్మోనియా చూసి రాసుకోవడం
☐ అడుగున ఉన్న మలాన్ని సన్నటి గొట్టంతో లాగేయడం
☐ నీళ్లు మార్చడం, మార్చిన నీళ్లకే ఉప్పు
☐ సాయంత్రం: ఒక నిమిషం వీడియో

మూడో రోజుకు చేప మనిషిని చూసి ముందుకు వస్తుంటే తిండి మొదలుపెట్టవచ్చు. రెండు గింజలు, నానబెట్టి. తినకపోతే ఐదు నిమిషాల్లో తీసేయండి. మలం తెల్లటి దారంలా ఉంటే పొట్ట ఖాళీగా ఉందని లేదా పేగుల్లో ఇబ్బంది ఉందని అర్థం. తిన్న రంగులో, పొట్టిగా తెగి పడుతుంటే అరుగుతున్నట్టు. ఆ బోరు నీళ్లకు మా బంగారి ఒరిగిపోయిన నాలుగో రోజు, నేను నీళ్లు తీస్తుంటే గొట్టం దగ్గరకొచ్చి మూతితో పొడిచింది. ఆ రోజు గుప్పెడు వేయాలనిపించింది, రెండు గింజలే వేశాను.

10. తిరిగి ట్యాంకులోకి

లక్షణాలన్నీ పోయాక కూడా వారం ఆగండి. ఆ వారంలో ఉప్పు లేని నీళ్లతో రోజుకు నాలుగో వంతు మారుస్తూ ఉప్పు తగ్గించండి. ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉన్నాయని రెండు రోజులు వరసగా చూసుకున్నాకే చేపను గిన్నెతో మార్చండి. గిన్నెలోని టబ్ నీళ్లు ట్యాంకులో పోయొద్దు. ఆ రాత్రి లైటు వేయకండి.

ఇకపై కొత్త చేప కొంటే ఇదే టబ్‌లో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచండి. చేప చనిపోయినా, పెంచలేకపోయినా ముడసర్లోవ జలాశయంలోనో మేఘాద్రిగెడ్డ జలాశయంలోనో వదలకండి. జబ్బు అక్కడి చేపలకు అంటుతుంది. చనిపోయినదాన్ని మట్టిలో లోతుగా పూడ్చండి.

టబ్, గొట్టం, గిన్నె ఉప్పునీళ్లతో కడిగి, మేడ మీద రెండు రోజులు గట్టి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. స్పాంజ్‌ను మాత్రం ఎండబెట్టకుండా మళ్లీ ట్యాంకులోనే నడవనివ్వండి. చేపకు అంటుజబ్బు వచ్చి ఉంటే దాన్ని పారేసి, ట్యాంకులో కొత్త స్పాంజ్ ఒకటి ఇప్పుడే మొదలుపెట్టండి. దానికి బ్యాక్టీరియా పట్టడానికి నాలుగైదు వారాలు పడుతుంది.